అల్‌హంబ్రాలో సాయంత్రం నడక: టికెట్ కొనడం నుంచి కొండ దిగే దాకా

స్పెయిన్ ట్రిప్ పెట్టుకున్న ప్రతి ఒక్కరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. గ్రనాడా ఊళ్లో కొండ మీదున్న అల్‌హంబ్రాని, అంటే పాత రాజుల కోట, ప్యాలెస్‌లు, తోటల్ని, సాయంత్రం పూట చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి అని. విడివిడిగా చెప్పి చెప్పి ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట పెడుతున్నా. రాజుల చరిత్ర జోలికి పోవడం లేదు. ఏం చేయాలి, ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ జనం దెబ్బతింటున్నారు, అంతవరకే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. సాయంత్రం పూట అల్‌హంబ్రాలో చూడాల్సినవి రెండు: నీరెండ, నీళ్లు. ఈ రెండూ ఉరుకులు పరుగుల మీద ఉన్నవాళ్లకి కనపడవు. కింద రాసిన ప్లాన్ అంతా చివరి గంటన్నర మీ చేతిలో ఖాళీగా మిగలడానికే.

1. ముందు ఏ సాయంత్రమో తేల్చుకోండి

"ఈవెనింగ్ టికెట్" అనేది ఒక్కటే అనుకుంటారు చాలామంది. మూడు దారులున్నాయి, మూడూ వేరు.

– పగటి జనరల్ టికెట్, సాయంత్రం స్లాట్‌తో: నస్రిద్ ప్యాలెస్‌లు (నస్రిద్ వంశపు రాజుల భవనాలు), హెనరలిఫే తోటలు, అల్కసాబా కోట, అన్నీ వస్తాయి.
– రాత్రి ప్యాలెస్‌ల టికెట్: నస్రిద్ ప్యాలెస్‌లు మాత్రమే. తోటలు, కోట ఉండవు.
– రాత్రి తోటల టికెట్: హెనరలిఫే మాత్రమే. ప్యాలెస్‌లు ఉండవు.

ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 14 దాకా పగటి సందర్శన ఉదయం 8:30 నుంచి రాత్రి 8 వరకు, మిగతా నెలల్లో సాయంత్రం 6 వరకే. రాత్రి ప్యాలెస్‌లు వేసవి సీజన్‌లో మంగళవారం నుంచి శనివారం దాకా 10 నుంచి 11:30, చలికాలంలో శుక్ర, శనివారాలు మాత్రమే, 8 నుంచి 9:30. రాత్రి తోటలు జూన్, జూలై, ఆగస్టుల్లో, మళ్లీ నవంబర్ మధ్య నుంచి మార్చి దాకా ఉండవు. డిసెంబర్ 25, జనవరి 1 పూర్తిగా సెలవు. టికెట్ కొనే రోజున అధికారిక సైట్‌లో ఈ వేళలు మరోసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. సైట్ చెప్పే వేళల్ని అందరూ చూస్తారు, పొద్దు ఎప్పుడు వాలుతుందో ఎవరూ చూడరు. జూన్‌లో గ్రనాడాలో సూర్యాస్తమయం రాత్రి 9:35 ప్రాంతంలో. అంటే జూన్‌లో సాయంత్రం 6 స్లాట్ తీసుకుంటే మీకు దొరికేది సాయంత్రం కాదు, మనూళ్లో మూడున్నర ఎండ. 8కి బయటికి పంపేటప్పటికి కూడా సూర్యుడు పైనే ఉంటాడు.

అదే అక్టోబర్ మొదటి రెండు వారాలు తీసుకోండి. మూసేది రాత్రి 8కే, సూర్యాస్తమయం 7:58 నుంచి 7:40 మధ్య. నీరెండ మొత్తం మీరు లోపల ఉండగానే పడుతుంది. ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు లేవు నా లెక్కలో. రెండో ఛాయిస్ డిసెంబర్: 6కి మూస్తారు, పొద్దు కూడా 6కే వాలుతుంది, జనం తక్కువ, చలి మాత్రం గట్టిగా ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో సూర్యాస్తమయం 8:35 దాకా సాగుతుంది కాబట్టి చివరి ఎర్రటి వెలుగు లోపల దొరకదు కానీ దానికి ముందరి బంగారు రంగు దొరుకుతుంది.

పిల్లల సెలవుల వల్ల జూన్, జూలై, ఆగస్టుల్లోనే వెళ్లక తప్పదనుకోండి, పగటి టికెట్‌ని చివరి వేళకి తీసుకుని సూర్యాస్తమయాన్ని ఎదుటి కొండ మీద నుంచి చూడండి. దాని గురించి 9లో రాశాను.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా: పగటి జనరల్ టికెట్టే తీసుకోండి. రాత్రి ప్యాలెస్‌లు చాలా బాగుంటాయి, కానీ అది రెండోసారి చూపు.

2. టికెట్: అందరూ బోర్లా పడేది ఇక్కడే

రోజుకి ఇంతమందినే అని పరిమితి ఉంది. రెండు మూడు నెలల ముందే కొనేయండి. విమానం టికెట్ కన్నా ముందు ఇది చూసుకోమంటాను, ఎందుకంటే ఆ తేదీన స్లాట్ లేకపోతే గ్రనాడా దాకా వెళ్లి కూడా ప్యాలెస్ గోడ బయటి నుంచి చూసి రావాలి.

కొనేటప్పుడు ఒక టైమ్ ఎంచుకోమంటారు. అది గేటు టైమ్ కాదు, నస్రిద్ ప్యాలెస్‌ల లోపలికి అడుగుపెట్టాల్సిన టైమ్. మిగతా చోట్లకి ఆ రోజు ఎప్పుడైనా వెళ్లొచ్చు, కానీ ఒక్కోదానికి ఒక్కసారే ప్రవేశం. ఏప్రిల్ నుంచి అక్టోబర్ 14 మధ్య అయితే సాయంత్రం 6 ప్రాంతం స్లాట్, చలికాలం అయితే 4:30 ప్రాంతం స్లాట్ తీసుకోండి.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి:

☐ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే టైప్ చేయండి. మన ఇంటిపేర్లు పొడుగు కదా అని ఇనిషియల్ కొట్టేయకండి. టికెట్ మీ పేరు మీదే ఉంటుంది, పాస్‌పోర్టు చూస్తారు.
☐ ఇండియా కార్డుతో కొంటుంటే ముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేయండి. స్లాట్ ఎంచుకున్నాక పేమెంట్ ఫెయిల్ అయితే మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాలి, ఆ లోపు స్లాట్ ఎగిరిపోవచ్చు.
☐ చిన్నపిల్లలకి ఉచితమైనా వాళ్లకీ టికెట్ తీసుకోవాలి. ఒడిలో పిల్లాడే కదా అని వదిలేయొద్దు.
☐ "హెనరలిఫే, తోటలు, అల్కసాబా" అని ఒక టికెట్ ఉంటుంది. చవగ్గా ఉందని నొక్కేయకండి, అందులో నస్రిద్ ప్యాలెస్‌లు ఉండవు.

నా మొదటి ట్రిప్‌లో అధికారిక సైట్ అనుకుని వేరే ఎవరో మళ్లీ అమ్ముకునే సైట్‌లో కొన్నాను. డబ్బు ఎక్కువ పోయింది, అది పర్లేదు. స్లాట్ మాత్రం నేను అడిగిన సాయంత్రం కాకుండా మధ్యాహ్నం రెండింటికి ఇచ్చారు. సెర్చ్‌లో పైన వచ్చిందల్లా అధికారికం కాదు. అల్‌హంబ్రాని చూసుకునే సంస్థ పేరు పత్రొనాతో దె లా అల్‌హంబ్రా ఇ హెనరలిఫే, ఆ పేరున్న సైటేనా అని చూసుకుని కొనండి.

3. బ్యాగులో ఏం ఉండాలి

గ్రనాడా సముద్రానికి 700 మీటర్ల పైన ఉంది, వెనకే సియెర్రా నెవాదా మంచుకొండలు. మధ్యాహ్నం చొక్కా తడిసిపోయేంత ఎండ కాసినా పొద్దు వాలాక చలిగాలి తిరుగుతుంది.

☐ ఒరిజినల్ పాస్‌పోర్టు. ఫోన్లో ఫోటో నమ్ముకోవద్దు.
☐ టికెట్ ఫోన్లోనూ, ఒక కాగితం మీదా. లోపల మూడు నాలుగు చోట్ల స్కాన్ చేస్తారు, సాయంత్రానికి ఫోన్ చార్జింగ్ అయిపోతే చిక్కు.
☐ పట్టు ఉన్న బూట్లు. దారుల్లో గులకరాళ్లు పరిచి ఉంటాయి, పాలరాయి నున్నగా ఉంటుంది. కొత్త చెప్పులు అసలొద్దు.
☐ పల్చటి స్వెటర్ లేదా చున్నీ, ఏ నెలైనా. చలికాలం అయితే మందపాటి కోటు.
☐ నీళ్ల బాటిల్.
☐ చిన్న బ్యాగు మాత్రమే. పెద్ద బ్యాక్‌ప్యాక్ అయితే లాకర్‌లో పెట్టమంటారు.

ట్రైపాడ్ తీసుకెళ్లొద్దు, ఒప్పుకోరు. ప్యాలెస్‌ల లోపల తినడానికి లేదు కాబట్టి పైకి వెళ్లేముందే కడుపునిండా తినేయండి. నాలుగైదు గంటల నడక, ఆకలి మీద ఉంటే ఏ అందమూ ఎక్కదు.

4. కొండ పైకి

కింద ఊళ్లోని ప్లాసా నువేవా కూడలి నుంచి నడిస్తే 20–25 నిమిషాలు. కుయెస్తా దె గోమెరెస్ అనే వీధి ఎక్కితే పైన మూడు దానిమ్మ పండ్లు చెక్కిన రాతి ద్వారం వస్తుంది (స్పానిష్‌లో గ్రనాడా అంటే దానిమ్మే, ఊళ్లో ఎక్కడ చూసినా ఈ పండే). అది దాటితే ఎత్తైన చెట్ల అడవి, దారి పక్కన పారే నీళ్లు. ఎక్కుడు గట్టిగానే ఉంటుంది.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే సీ-30 మినీ బస్ ఎక్కండి, ప్లాసా ఇసబెల్ లా కతోలికా దగ్గర నుంచి నేరుగా పైకి వెళ్తుంది. అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నవాళ్లు ఎక్కడం మీద శక్తి ఖర్చు పెట్టకండి, లోపల మెట్లు చాలా ఉన్నాయి.

గేట్లు రెండు. నడక దారిలో ముందు తగిలేది జస్టిస్ గేటు, ఇది ప్యాలెస్‌లకి దగ్గర. ఇంకా పైకి వెళ్తే ప్రధాన ద్వారం, ఇది తోటలకి దగ్గర. మన నడక తోటల నుంచి మొదలు కాబట్టి పై గేటుకే వెళ్లండి. రెంటికీ మధ్య దూరం బాగానే ఉంటుందని గుర్తుపెట్టుకోండి, ఈ దూరం తెలియకే సగం మంది స్లాట్ టైమ్‌కి పరుగెడుతుంటారు.

5. నడక వరస

6 గంటల స్లాట్ అనుకుని రాస్తున్నాను. చలికాలం 4:30 స్లాట్ అయితే అన్నీ గంటన్నర ముందుకి జరపండి, మూసేది 6కే కాబట్టి ప్యాలెస్‌లు కాస్త త్వరగా ముగించండి.

మధ్యాహ్నం 3: ప్రధాన ద్వారం, హెనరలిఫే

తోటలు ముందు ఎందుకంటే సూర్యుడు దిగేది పడమర వైపు, హెనరలిఫే ఉన్నది తూర్పున. పొద్దు వాలేకొద్దీ అక్కడి నుంచి అల్‌హంబ్రా వైపు చూస్తే ఎదురు ఎండ, నల్లటి ఆకారం తప్ప ఏమీ కనపడదు. పైగా ఆ వేళ ఎండలో నీడ ఉన్నది ఇక్కడే.

సైప్రస్ చెట్ల మధ్య దారి దాటి పొడవాటి కాలువ ఉన్న ప్రాంగణంలోకి వస్తారు. రెండు పక్కల నుంచి నీటి ధారలు వంపు తిరిగి కాలువలో పడుతుంటాయి, అందరూ ఫోటో తీసేది ఇదే. ఆ ధారలు 19వ శతాబ్దంలో పెట్టినవి. మొదట్లో ఇక్కడ నిశ్శబ్దంగా సాగే కాలువ ఒక్కటే ఉండేది. దీనిలోకి నీళ్లు దారో నది ఎగువ నుంచి, దాదాపు 6 కిలోమీటర్ల కాలువ మీద వస్తాయి.

ఇక్కడ నుంచి జనం వెనక్కి తిరిగిపోతారు. మీరు పైకి వెళ్లి నీటి మెట్లు వెతకండి. మెట్ల పక్కన చేత్తో పట్టుకునే గోడ ఉంటుంది కదా, ఆ గోడ పైభాగాన్నే తొలిచి కాలువ చేశారు. మనం మెట్లు దిగుతుంటే మోచేతి పక్కనే నీళ్లు దిగుతుంటాయి. పైన లారెల్ చెట్లు పందిరిలా కప్పేసి ఉంటాయి. నేను ఒక్కో మెట్టు దగ్గర ఆగి విన్నాను: వాలులో పరుగెత్తే నీళ్లకి ఒక చప్పుడు, మధ్యలో గుండ్రటి చప్టా దగ్గర నెమ్మదించిన నీళ్లకి ఒక చప్పుడు. పొలం తూము దగ్గర కూర్చుని పెరిగినవాళ్లకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడ పావుగంట ఇవ్వండి.

4:20: తోటల నుంచి కోట వైపు

ఎంత బాగున్నా ఈ టైమ్‌కి బయల్దేరాలి. అల్కసాబా దాకా నింపాదిగా 20–25 నిమిషాలు. దారిలో ఐదో చార్లెస్ రాజు కట్టించిన ప్యాలెస్ వస్తుంది, బయటికి చతురస్రం, లోపల గుండ్రటి ప్రాంగణం. ఇది ఉచితం, టికెట్ లేకున్నా ఎప్పుడైనా చూడొచ్చు కాబట్టి ఇప్పుడు ఆగొద్దు.

4:45: అల్కసాబా

కోట పడమటి కొసన ఉంది. తోర్రె దె లా వేలా అనే గంట ఉన్న బురుజు ఎక్కితే ఒక పక్క ఊరు, ఎదుటి కొండ మీద అల్బైసిన్ అనే పాత పేట తెల్లటి ఇళ్లు, వెనక మంచుకొండలు. నీడ దాదాపు ఉండదు. 40 నిమిషాలు చాలు.

సూర్యాస్తమయం ఈ బురుజు మీద నుంచే చూడాలని పట్టుదల ఉంటే ప్యాలెస్ స్లాట్‌ని 4 గంటలకి తీసుకుని కోటని చివరికి పెట్టుకోవచ్చు. నేనైతే పెట్టను. సూర్యాస్తమయం చాలాచోట్ల దొరుకుతుంది, ఆ వెలుగులో ఆ ప్యాలెస్ ఒక్కచోటే దొరుకుతుంది.

5:30: బాత్రూమ్, నీళ్లు, లైన్

ప్యాలెస్‌ల లోపల టాయిలెట్లు లేవు. ముందే పని కానిచ్చుకుని 5:45కల్లా లైన్లో ఉండండి.

6:00: నస్రిద్ ప్యాలెస్‌లు

లోపలికి వెళ్లాక ఎంతసేపైనా ఉండొచ్చు, బయటికొస్తే మాత్రం మళ్లీ రానివ్వరు. మీతో పాటు ఒక గుంపు లోపలికి వస్తుంది. మొదటి గదిలోనే పక్కకి నిలబడి ఆ గుంపుని ముందుకి పోనివ్వండి. ఐదారు నిమిషాలు ఆగితే వెనక వచ్చేవాళ్లకీ ముందు పోయినవాళ్లకీ మధ్య ఒక ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో నడవండి. ఈ మొత్తం గైడ్‌లో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

తర్వాత వచ్చేది మర్టిల్ ప్రాంగణం, మధ్యలో 34 మీటర్ల పొడవు కోనేరు. ఉత్తరాన కోమారెస్ బురుజు. అందరూ లోపలికి రాగానే అక్కడే నిలబడి ఫోటో తీసేసుకుంటారు. మీరు నడుచుకుంటూ దక్షిణం కొసకి వెళ్లండి. అక్కడ నేల మీద గుండ్రటి రాతి పళ్లెం లాంటి ఫౌంటెన్ ఉంటుంది, దాన్నుంచి సన్నటి కాలువ కోనేట్లోకి వెళ్తుంది. గొంతుక్కూర్చుని చూడండి: ఉబికిన నీళ్లు పళ్లెంలో తిరిగి, వేగం చచ్చిపోయి, కోనేట్లోకి జారే చోట ఒక్క అల కూడా లేవకుండా కలిసిపోతాయి. పై అద్దం చెదరకూడదని అలా కట్టారు. తలెత్తితే 45 మీటర్ల బురుజు నీళ్లలో తలకిందులుగా కనపడుతుంది.

కోనేటి రెండు పక్కలా ఉన్న పొదలే మర్టిల్. మన జామ, నేరేడు కుటుంబం మొక్క. ఆకు తుంచి నలపాలనిపిస్తుంది, వద్దు. పక్కన వంగితే చాలు, చల్లబడిన సాయంత్రం వాసన దానంతటదే వస్తుంది.

బురుజు లోపలి రాయబారుల గదిలో పైకప్పు చూడటానికి గోడకి చేరబడకుండా మధ్యకి దగ్గరగా నిలబడి ఒక నిమిషం కళ్లు అలవాటు పడనివ్వండి. 8,000కి పైగా చెక్క ముక్కలతో కూర్చిన నక్షత్రాల ఆకాశం అది. వెంటనే చూస్తే చీకటి తప్ప ఏమీ కనపడదు.

ఆ తర్వాత సింహాల ప్రాంగణం. 12 పాలరాతి సింహాలు, చుట్టూ 124 స్తంభాలు. స్తంభాల నీడలు సాయంత్రం పొడుగ్గా సాగి పడతాయి కాబట్టి నేలని కూడా చూడండి. రెండు పక్కల గదుల్లో తేనెపట్టు లాంటి గచ్చు కప్పులు. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల మీద గచ్చు పని చూసినవాళ్లకి పని కొత్త కాదు, ఇక్కడ అది తలమీద వేలాడుతుంది. కప్పు కింద చుట్టూ ఉన్న చిన్న కిటికీల్లోంచి వాలు వెలుగు పక్కనుంచి పడి ఒక్కో గూడు విడివిడిగా తేలుతుంది. మధ్యాహ్నం చూసిన నా మొదటి ట్రిప్‌లో అదంతా ఒకే తెల్లటి ముద్దలా అనిపించింది.

7:20: పార్తల్

ప్యాలెస్‌ల నుంచి బయటపడితే పార్తల్ తోట. ఐదు తోరణాల మండపం, ముందు కోనేరు. చాలామందికి ఇది బయటికి పోయే దారి మాత్రమే. మీరు కోనేటి ఇవతలి ఒడ్డున గట్టు దగ్గర కూర్చోండి, ఫోన్ లోపల పెట్టేయండి. చివరి వెలుగు ఇక్కడే చూస్తారు. 8కి కాస్త ముందు సిబ్బంది వచ్చి పంపించేస్తారు.

6. రాత్రి టికెట్ అయితే

లైట్లు కింద నుంచి పైకి వేస్తారు. దానివల్ల గోడల మీద చెక్కడం పగటి కంటే లోతుగా కనపడుతుంది, టైల్స్ రంగులు మాత్రం చచ్చిపోతాయి. చెక్క కప్పులు చీకట్లోనే ఉండిపోతాయి. కళ్ల కంటే చెవులకి ఎక్కువ పని: నీళ్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ప్యాలెస్‌లకి జస్టిస్ గేటు వైపు నుంచి, తోటలకి పై ప్రధాన ద్వారం నుంచి వెళ్లాలి. రాత్రి రెంటినీ కలిపి ఒకే టికెట్ అనుకుని కొన్నవాళ్లు చాలామంది, చూసుకోండి.

7. ఫోటోల గురించి కొంచెం

ఫ్లాష్ ఆపేయండి. కోనేటి ప్రతిబింబానికి ఫోన్ని నేలకి దగ్గరగా, తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నీటి మట్టానికి వస్తుంది. సింహాల దగ్గర జనం లేని ఫోటో కోసం అరగంట కాచుక్కూర్చోకండి, స్తంభాల మధ్య నుంచి తీస్తే ఆ స్తంభాలే జనాన్ని కప్పేస్తాయి.

8. తప్పులు, సర్దుబాట్లు

స్లాట్‌కి అరగంటే ఉంది, ఇంకా తోటల్లోనే ఉన్నారు: కోటని వదిలేసి నేరుగా ప్యాలెస్ లైన్‌కి పొండి. నాకు ఒకసారి ఇలాగే అయింది, ఆయాసపడుతూ చివరి నిమిషంలో లోపలికి చేరి మొదటి రెండు గదులు చూసినట్టే గుర్తులేదు. కోట పోతే పోయింది.

టికెట్లు అయిపోయాయి: రద్దయినవి మళ్లీ సైట్‌లోకి వస్తుంటాయి, రోజూ రెండుసార్లు చూడండి. అప్పటికీ దొరక్కపోతే రాత్రి ప్యాలెస్‌లు, పగలు తోటలు–కోట విడివిడిగా కొనండి. ఖర్చు కాస్త ఎక్కువైనా మొత్తం చూసినట్టే.

ఏ టికెట్టూ దొరకలేదు: జస్టిస్ గేటు, చార్లెస్ ప్యాలెస్, దాని పక్క వీధి, అడవి దారి ఉచితం. గంటన్నర నడక.

వాన పడింది: వెనక్కి రాకండి. కోనేట్లో అద్దం పోతుంది కానీ సింహాల ప్రాంగణంలో కప్పు కింద నిలబడి వాన చూడొచ్చు. నేల జారుతుంది, జాగ్రత్త.

9. బయటికొచ్చాక

ప్రధాన ద్వారం పక్క నుంచి కుయెస్తా దె లోస్ చినోస్ అనే దారి కోట గోడల కిందుగా దారో నది దగ్గరికి దిగుతుంది. దిగుడు నిటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సే ఎక్కండి. కింద నుంచి ఎదుటి కొండ అల్బైసిన్ ఎక్కితే సాన్ నికోలాస్ చప్టా వస్తుంది. నడవలేకపోతే సీ-32 బస్ అల్‌హంబ్రా నుంచి అల్బైసిన్‌కి వెళ్తుంది. జూన్, జూలైల్లో మీ సూర్యాస్తమయం ఇదే. ఎర్రగోడల మీద పడమటి వెలుగు పడి, అది ఆరిపోగానే లైట్లు వెలుగుతాయి. గోడ మీద కూర్చునే చోటు కోసం ముప్పావుగంట ముందు చేరండి. జనం ఒత్తుకుని ఉంటారు కాబట్టి పర్సు ముందు జేబులో, బ్యాగు ఒళ్లో. ఊళ్లో ఎవరైనా రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోకండి, తీసుకుంటే డబ్బులడుగుతారు.

శాకాహారులు తినడానికి "బెరెంహేనాస్ కోన్ మియెల్" అడగండి, వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి ఇస్తారు. డ్రింక్‌తో పాటు ఉచితంగా వచ్చే చిన్న ప్లేట్‌లో పంది మాంసం ఉండొచ్చు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సిన్ కార్నె" అని చెప్పండి. కిందికి రావడానికి సీ-31 బస్ ప్లాసా నువేవా దాకా వస్తుంది. చివరి బస్ ఎన్నింటికో ఎక్కేటప్పుడే స్టాప్‌లో చూసిపెట్టుకోండి.